వైద్యుని పేజీ: ముత్లా గట్టు మీద బరువు సైకిలు

పోయిన సంచికలో మధుమేహం గురించి రాస్తూ, రోజూ కాస్త చెమట పట్టే పని ఏదో ఒకటి చేయమని షరా మామూలుగా సలహా ఇచ్చాను. దానికి సాల్మియా నుంచి ఒక సోదరి ఫోను చేశారు. "డాక్టరు గారూ, సలహా బాగానే ఉంది. ఎక్కడ చేయమంటారో అది కూడా రాయండి. ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, ఆఫీసులో ఏసీ. ఆదివారం నుంచి గురువారం దాకా పిల్లల హోంవర్కు. శుక్రవారం మాల్‌లో నాలుగు చుట్లు తిరిగితే వ్యాయామం కిందికి వస్తుందా?" అని అడిగారు. తప్పకుండా వస్తుందమ్మా, ఐస్‌క్రీము కొట్టు దగ్గర ఆగకపోతే.

అయితే ఆవిడ ప్రశ్నకు నా దగ్గర ఇంకో జవాబు కూడా ఉంది. మూడు శీతాకాలాలుగా మేము నలుగురం, అంటే నేను, ఒక ఇంజనీరు గారు, ఒక బ్యాంకు ఉద్యోగి, లెక్కల మాస్టారు ఒకాయన, సైకిళ్ళకు రెండు పక్కలా సంచులు తగిలించి, గుడారం, దుప్పట్లు, వంట సామాను, నీళ్ళు వేసుకుని, తారు రోడ్డు వదిలేసి ముత్లా వైపు బండి దారుల్లో తిరిగి వస్తున్నాం. శుక్రవారం తెల్లవారుజామున బయలుదేరితే శనివారం సాయంత్రానికి ఇల్లు. విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత, "జీపు అద్దెకు దొరకదా?" అని జాలిపడతారు. మా అత్తగారైతే ఊరి నుంచి ఫోనులో, "అల్లుడు గారికి జీతం సరిగ్గా ఇస్తున్నారా?" అని మా ఆవిడను రహస్యంగా అడిగారట.

ఈ పిచ్చి మాతో మొదలైంది కాదు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా అనే ముగ్గురు 71,000 కిలోమీటర్లు తొక్కి 1928 మార్చిలో తిరిగి బొంబాయి చేరారు. ఇరాన్ మీదుగా బాగ్దాదు వచ్చి, అక్కడి నుంచి సిరియాలోని అలెప్పో వరకు ఎడారి దాటారు. మనం ఇప్పుడు కూర్చున్న చోటికి అదేమంత దూరం కాదు. అప్పటి సైకిలుకు గేర్లు లేవు, దారికి తారు లేదు. బ్రిటనులో 1955లో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. రోడ్లు వదిలి కొండదారుల్లో, పశువుల బాటల్లో సైకిలు తొక్కేవాళ్ళ సంఘం అది.

నేను పరీక్ష రాయడానికి ఎడిన్‌బరో వెళ్ళినప్పుడు, పరీక్ష అయిన మర్నాడు అలాంటివాళ్ళను కళ్ళారా చూశాను. స్కాట్లండులో కొండల నడుమ లోయను గ్లెన్ అంటారు. బ్లెయిర్ ఆథల్ ఊరి నుంచి గ్లెన్ టిల్ట్ అనే లోయలోకి రాళ్ళ దారి ఒకటి పోతుంది. ఆ దారిలో అరవై దాటిన దంపతులు ఇద్దరు, సైకిళ్ళకు నాలుగేసి సంచులు తగిలించుకుని, పైన వాన పడుతుంటే కింద రాళ్ళు ఎగురుతుంటే, తాపీగా కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. 2003లో వచ్చిన చట్టం వల్ల అక్కడ బాధ్యతగా నడుచుకునే వాళ్ళకు చాలామటుకు నేలంతా తిరిగే హక్కు ఉంది, సైకిలుతో సహా. వాళ్ళ సంచుల్లో ఏముంటాయని అడిగాను. వానకోట్లు, ఉన్ని బట్టలు, టీ సామాను. నీళ్ళో? ఆయన లోయలో పారే ఏటిని చేత్తో చూపించాడు.

కువైట్‌లో లెక్క తిరగబడేది సరిగ్గా ఇక్కడే. అక్కడి యాత్రికుడు బట్టలు మోస్తాడు, నీళ్ళు దారిలో దొరుకుతాయి. ఇక్కడ మనం నీళ్ళు మోస్తాం. మిగతా సామానంతా ఆ నీళ్ళ తర్వాతే.

నేల గురించి కొంచెం చెప్పాలి. కువైట్ అంటే అప్పడంలా చదునైన దేశమని మనందరి అభిప్రాయం. చాలామటుకు నిజమే. కాని అఖాతానికి ఉత్తరపు ఒడ్డు వెంబడి జాల్ అజ్-జోర్ అనే గట్టు ఉంది. జహ్రా దాటి బస్రా వైపు పోయే 80వ నెంబరు రోడ్డు ముత్లా దగ్గర ఆ గట్టు ఎక్కుతుంది. ఎత్తైన చోట సముద్రమట్టానికి 140 మీటర్ల పైచిలుకు. హార్స్‌లీ కొండలు ఎక్కినవాళ్ళకు ఇది కొండ కింద లెక్క కాదు. కాని సంచులు వేసుకుని సైకిలు తోసుకుంటూ ఎక్కినవాడిని అడగండి. గట్టు అంచును వాననీళ్ళు వేల ఏళ్ళుగా కోసి చిన్న చిన్న లోయలు చేశాయి. వాదీ అంటారు వాటిని. మన సీమలో వంక అంటామే, అదే. చిత్రావతి, పాపఘ్ని వేసవిలో ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు వాదీని వర్ణించి చెప్పక్కర్లేదు. రెండు పక్కలా గట్లు, మధ్యలో ఇసుక, ఆ ఇసుకలో ఎప్పుడో పారిన నీటి గుర్తు. రాయలసీమలో వానకు మొహం వాచిన అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. ఇక్కడ అందులో అయిదో వంతు పడితే మంచి ఏడాదే.

గట్టు మీద నిలబడి దక్షిణంగా చూస్తే, గాలిలో దుమ్ము లేని రోజున, అఖాతం అవతల కువైట్ నగరం మేడలు బొమ్మలకొలువులా కనిపిస్తాయి. గట్టు కింద కాజ్మా. 633లో ఖాలిద్ ఇబ్న్ అల్-వలీద్ సేనకు, పారశీకుల సేనకు యుద్ధం జరిగింది ఈ ప్రాంతంలోనే. ఇంకా తూర్పున సుబియా. అక్కడి తవ్వకాల్లో ఏడువేల ఏళ్ళ నాటి తారు పెళ్ళలు దొరికాయి. వాటికి ఒకవైపు రెల్లు కట్టల అచ్చు, రెండోవైపు సముద్రపు గవ్వ పురుగులు అంటుకుని ఉన్నాయి. అంటే రెల్లుతో పడవ కట్టి, నీరు కారకుండా తారు పూసి, సముద్రం మీదికి వెళ్ళారన్నమాట. సముద్రయానానికి ఇంత పాత ఆధారం ప్రపంచంలో బహు అరుదు. 2019 మేలో సుబియాకు సముద్రం మీదుగా 36 కిలోమీటర్ల వంతెన తెరిచిన తర్వాత మనవాళ్ళు చాలామంది కార్లలో వెళ్ళి ఫోటోలు తీసుకుని వస్తున్నారు. ఆ వంతెన అవతల నేల ఎలా ఉంటుందో దిగి చూసినవాళ్ళు తక్కువ.

వెళ్ళవలసిన కాలం నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి వరకు. కువైటీలు గుడారాలు వేసుకునే కాలం కూడా అదే. మిగతా నెలల మాట తలపెట్టకండి. మన వాయవ్యాన మిత్రిబా అనే చోట 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచంలో నమ్మదగిన కొలతలన్నిటిలో అత్యధికమైన వాటిలో అది ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే సరాయత్ గాలివానలు గుడారాన్ని ఎగరేసుకుపోతాయి. గుడారాలు ఎక్కడ వేయవచ్చో మునిసిపాలిటీ ఏటా ప్రకటిస్తుంది, అది చూసుకోవాలి. మేము నాతో పనిచేసే ఒక కువైటీ సహోద్యోగి కుటుంబం అనుమతితో వేసుకున్న శిబిరం పక్కనే పడుకుంటాం. ముత్లాకు తూర్పున గట్టులో కొంత భాగం కంచె వేసిన అభయారణ్యం. అనుమతి లేకుండా అందులోకి పోరాదు, చుట్టూ తిరిగి పోవాలి.

ఇక బరువు సంగతి. శీతాకాలంలో రోజంతా తొక్కే మనిషికి తాగడానికి నాలుగైదు లీటర్లు, వంటకు, మొహం కడుక్కోవడానికి ఒకటిన్నర. రెండు రోజులకు 12 లీటర్లు. లీటరు నీళ్ళంటే కిలో బరువు. దీన్ని తగ్గించే మంత్రం ఏ కంపెనీ కనిపెట్టలేదు. సైకిలు 16 కిలోలు, తక్కిన సామాను 12, నీళ్ళు 12. మొత్తం 40 కిలోలు, మనిషి కాక. ఆ బరువును ఎక్కడ పెట్టామన్నదే అసలు విద్య. ఈ విద్య నేర్పే పుస్తకాలు బోలెడున్నాయి గాని, మన ఊళ్ళో పాలాయన సైకిలును గుర్తు తెచ్చుకుంటే చాలు. క్యాన్లు రెండూ వెనక చక్రానికి అటూ ఇటూ, ఇరుసు దాకా దిగి వేలాడుతుంటాయి. క్యారియరు మీద ఏమీ ఉండదు, ఉంటే ఖాళీ గోనె. బట్టల మూటలవాడు అలా కాదు. మూట ఎత్తుగా క్యారియరు మీద కడతాడు, అందుకే సగం దారి దిగి నడిపించుకుంటూ వస్తాడు. బరువు కింద ఉంటే సైకిలు నిలకడగా పోతుంది. పైన ఉంటే ప్రతి గులకరాయికీ ఊగుతుంది, ఆ ఊపును చేతులు మోయాలి.

మేము నీళ్ళను నాలుగు భాగాలు చేస్తాం. ముందు చక్రానికి రెండు పక్కలా, ఇరుసు ఎత్తులో, మూడేసి లీటర్లు. తక్కిన ఆరు వెనక సంచుల అడుగున. ముందు చక్రం మీద బరువు లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు అది గాలిలోకి లేస్తుంది. మరీ ఎక్కువైతే ఇసుకలో ముక్కు దూర్చి నిలబడిపోతుంది. ఒకే పెద్ద డబ్బా కంటే చిన్న సీసాలు మేలు. ఒకటి పగిలినా తక్కినవి మిగులుతాయి, పైగా సగం ఖాళీ అయిన పెద్ద డబ్బాలో నీళ్ళు చిందులు తొక్కి సైకిలును తమతో లాక్కుపోతాయి. టైర్లు 50 మిల్లీమీటర్ల వెడల్పువి, గాలి తారు రోడ్డు మీద పెట్టేదాని కంటే బాగా తక్కువ. బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి పోవాలి. క్యారియరు మరలు ప్రతి మజిలీలోనూ చూడాలి. పెద్ద జీపులు తిరిగి తిరిగి దారిని రోకలిబండలు పరిచినట్టు చేసి పెడతాయి. దాని మీద గంట తొక్కితే మరలు వాటంతటవే విడివడతాయి, పళ్ళు కూడా వదులైనట్టనిపిస్తుంది.

గులకరాళ్ళ మైదానం మీద హాయిగా పోవచ్చు. ఇసుక వచ్చినప్పుడు ముందే చిన్న గేరులోకి దించి, హ్యాండిలు తిప్పకుండా, బ్రేకు పట్టకుండా, గుండ్రంగా తొక్కుతూ పోవాలి. ఆగితే దిగి తోయడమే, అందులో నామోషీ ఏమీ లేదు. మేము పది కిలోమీటర్లలో రెండు కిలోమీటర్లు తోస్తాం. సముద్రపు వైపు సబ్ఖా అనే ఉప్పునేల ఉంటుంది. పైకి గట్టిగా, తెల్లగా, నున్నగా, రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. వాన పడిన వారం దాని మీద అడుగు వేయకండి. పై పెచ్చు కింద బురద. జీపులే ఇరుసు దాకా దిగిపోతాయి.

ఒక జనవరిలో మేము గట్టు మీద ఉత్తరంగా పోతుండగా మధ్యాహ్నం రెండింటికి ఒక గొర్రెల దొడ్డి దగ్గర ఆగాం. రేకుల నీడ, నీళ్ళ ట్యాంకు, నూరు దాకా గొర్రెలు. నీడలో కూర్చున్న మనిషి మా మాటలు విని లేచి వచ్చాడు.

"మనోళ్ళే! యాడ సార్ మీది?"

ఆయనది రాయచోటి వైపు. పేరు, ఊరు రాయను. పదకొండు రోజులైందట తెలుగులో మాట్లాడి. ఫోనులో చార్జింగు ఉంటే ఇంటికి మాట్లాడతాడు, పిక్‌అప్ వచ్చినప్పుడే చార్జింగు. మా సైకిళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"కారుల్లేవా సార్ మీకు?"

"ఉన్నాయి."

"ఉండి కూడానా!" అని, ఇక ఆ సంగతి అడగడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, ఇంజనీరు గారి సైకిలు దగ్గర నిలబడ్డాడు. ఇంజనీరు గారు అదనంగా అయిదు లీటర్ల డబ్బా ఒకటి క్యారియరు మీద తాడుతో కట్టారు. "నీళ్ళు ఇంత యెత్తున పెడితే సైకిలు తలకాయ తిప్పుతాది సార్. కిందికి దించాల" అని, మేము సరేననే లోపల తాడు విప్పి, డబ్బాను పక్క సంచి మీదుగా కిందికి దించి, అవతలి వైపు వంట సామానుతో సరిపెట్టి, రెండు చుట్లు చుట్టి, హ్యాండిలు పట్టుకుని కొంచెం దూరం నడిపించి చూసి, "ఇప్పుడు పోతాది" అన్నాడు. ఊళ్ళో తొమ్మిదేళ్ళు పాలు పోశాడట. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, చేల గట్ల మీదుగా టౌనుకు పద్నాలుగు కిలోమీటర్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మాది రెండు రోజుల విహారం. ఆయనది తొమ్మిదేళ్ళు.

టీ పెట్టాడు. చక్కెర పాకంలాంటి నల్లటీ. తాగుతూ నడుము పట్టుకున్నాడు. అది ఎలాంటి నొప్పో వైద్యుడికి చూడగానే తెలిసిపోయే పద్ధతి ఒకటుంది. మూత్రపిండంలో రాయి ఉన్నవాడు ఒకచోట కూర్చోలేడు, నిలబడలేడు. అడిగితే మూడు వారాలుగా వచ్చి పోతోందన్నాడు. ఒకరోజు మూత్రం ఎర్రగా కూడా వచ్చిందట. రోజుకు నీళ్ళెన్ని తాగుతావంటే టీ లెక్క చెప్పాడు. నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు, అందుకని ట్యాంకు గొర్రెలకు దాచిపెడతాడు. "గొర్రె చస్తే లెక్క చెప్పాల గదా సార్." ఎడారి దాటడానికని మేము మనిషికి 12 లీటర్లు మోసుకొచ్చాం. ఎడారిలోనే కాపురముండే మనిషి రోజుకు రెండు లీటర్లయినా తాగడం లేదు.

యజమానికి చెప్పలేదా అన్నాను. చెబితే జబ్బుమనిషని ఇంటికి పంపేస్తాడేమోనని భయం. ఊళ్ళో అప్పు ఇంకా సగం ఉంది. ఆ యజమాని నంబరు బతిమాలి తీసుకుని ఫోను చేశాను. గంటన్నరలో పిక్‌అప్‌లో వచ్చాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. నా వచ్చీరాని అరబ్బీ ఓపిగ్గా విని, కాపరి వైపు తిరిగి, "నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు. చీటీ రాసి ఇచ్చాను. ఆదివారం స్కానింగు చేయించారు. మూత్రనాళంలో రాయి, చిన్నదే, మందులతోనే పడిపోయింది. నీళ్ళ లారీ సంగతి కూడా మాట్లాడాను. వస్తోందని తర్వాత ఫోనులో చెప్పాడు. ఇంటికైతే పంపలేదు.

ఆ రోజు మేము బయలుదేరబోతుంటే ఆయన ఇంకో మాట చెప్పాడు. తూర్పుగా వంకలోంచి అడ్డదారి ఉందని మా మ్యాపులో కనిపిస్తోంది. అటు పోవద్దన్నాడు. వాన వెలిసిన తర్వాత అక్కడ ఇనుప ముక్కలు పైకి తేలాయని, ఒక గొర్రెను వెతుకుతూ పోయి చూసి వెనక్కి వచ్చేశానని చెప్పాడు. రాళ్ళు పేర్చి గుర్తు పెట్టాడట, యజమానికీ చెప్పాడట. నడుము నొప్పి చెప్పని మనిషి ఇది మాత్రం ఆ రోజే చెప్పాడు. మేము వచ్చిన దారినే తిరిగి పోయాం.

ఈ సంగతి మన పిల్లలకు తప్పకుండా చెప్పండి. 1991 ఫిబ్రవరి 26, 27 తేదీల రాత్రి కువైట్ విడిచి పారిపోతున్న ఇరాకీ సేనల వాహనాలను అమెరికా, దాని మిత్రదేశాల విమానాలు ఈ ముత్లా గట్టు దగ్గరే కొట్టాయి. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. 1990లో ఇక్కడున్న మన పెద్దలు అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికి చేరిన కథలు చెబుతుంటారు కదా, ఆ యుద్ధం ముగింపే ఇది. ఇరాకీలు పాతిన మందుపాతరలు, పేలకుండా మిగిలిన బాంబు గుళ్ళు ఏళ్ళ తరబడి ఏరారు. అయినా ఇసుక కదిలే నేల ఇది. గాలి ఒకచోట కప్పుతుంది, వాన ఇంకోచోట తెరుస్తుంది. కాబట్టి జీపులు, గొర్రెలు రోజూ నడిచే దారి తప్ప ఇంకో దారి తొక్కవద్దు. అడ్డదారి వద్దు. మూత్రానికి కూడా దారి దిగి దూరం పోవద్దు, సిగ్గు పడవలసిన వాళ్ళే అటు తిరిగి నిలబడతారు. లోహపు వస్తువేది కనిపించినా, అది బంతిలా ఉన్నా, డబ్బాలా ఉన్నా, ముట్టుకోకుండా వచ్చిన జాడల్లోనే వెనక్కి వచ్చి 112కు ఫోను చేయాలి. ఫోనులో చోటు గుర్తు పెట్టుకుంటే వాళ్ళకు తేలిక. స్కాట్లండులో దారి తప్పితే కాళ్ళు తడుస్తాయి, ఇక్కడ కాలే పోవచ్చు.

వైద్యుని పేజీ కాబట్టి వైద్యం కూడా కొంత. శీతాకాలపు ఎడారిలో చెమట కనిపించదు. పొడిగాలికి పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది, అందుకని నీళ్ళు అక్కర్లేదనిపిస్తుంది. దాహాన్ని నమ్మకుండా గంటకు అర లీటరు చొప్పున తాగండి. మూత్రం లేత పసుపులో ఉందో లేదో చూసుకోండి. మజ్జిగ రంగు నుంచి టీ రంగుకు పోతుంటే ఆగి తాగండి. అలాగని ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, ఆ తర్వాత మూర్ఛ కూడా రావచ్చు. రోజులో ఒక లీటరు ఓఆర్ఎస్ కలిపినది ఉండాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఈ ఉప్పూ చక్కెర నీళ్ళే తాగించి వేలమందిని కాపాడారు. జమియాలో దొరికే రంగురంగుల శక్తి పానీయాల కంటే ఆ చవక పొట్లం మీదే నాకు గురి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు, క్లోమాన్ని ప్రేరేపించే రకం మాత్రలు వేసుకునేవాళ్ళు ఇంత శ్రమ చేస్తే, చక్కెర తొక్కేటప్పుడే కాదు, రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. పడుకోబోయే ముందు పరీక్ష చేసుకుని, తలగడ పక్కన ఖర్జూరాలు పెట్టుకోవాలి. పక్కవాడికి కూడా సంగతి తెలిసి ఉండాలి. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే కొత్తరకం మాత్రలు, బి.పి.కి మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవాళ్ళు ముందుగా తమ డాక్టరును అడిగి బయలుదేరాలి. నడిస్తే గుండెల్లో బరువు అనిపించేవాళ్ళు అసలు రావద్దు, ముందు ట్రెడ్‌మిల్ పరీక్షకు రండి. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే అరచేతి మడమ దగ్గర నరం నొక్కుకుంటోందని అర్థం. చేతుల చోటు మార్చండి, మెత్తటి తొడుగు వేసుకోండి. తిమ్మిరి రెండు రోజులైనా తగ్గకపోతే చూపించుకోండి. రాత్రి చలి అయిదు డిగ్రీలకు దిగుతుంది. మనవాళ్ళు కువైట్ అనగానే ఉన్ని టోపీ ఇంట్లో పెట్టి వస్తారు.

మొదటిసారే రెండు రోజులు వద్దు. ముందు నాలుగు శుక్రవారాలు సంచులు లేకుండా సముద్రపు ఒడ్డున తొక్కండి. తర్వాత రెండు శుక్రవారాలు నీళ్ళ సీసాలు వేసుకుని అదే ఒడ్డున, బరువుతో సైకిలు మలుపు ఎలా తిరుగుతుందో, ఎంత దూరంలో ఆగుతుందో చేతులకు అలవాటు కావాలి. ఆ తర్వాత ఒక పూట గట్టు మీదికి. ముగ్గురికి తక్కువగా పోవద్దు. బతాకా జేబులో ఉండాలి. ఏ దారిన పోతున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టాలి. ఆ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే.

సాల్మియా సోదరి గారు తమ ఇద్దరు పిల్లలకూ సైకిళ్ళు కొన్నామని మొన్న మళ్ళీ ఫోను చేశారు. క్యారియరు ఎలాంటిది కొనాలని అడిగారు. ఉక్కు గొట్టంతో చేసింది, అడుగు భాగం ఇరుసు దగ్గర మరతో బిగించేది, సంచి కొక్కేలు కిందికి వచ్చేది కొనమన్నాను. మేము మళ్ళీ డిసెంబరు మొదటి శుక్రవారం బయలుదేరుతున్నాం. దొడ్డి ఈ ఏడు ఇంకాస్త పడమరకు జరిగిందట. కాపరికి వాళ్ళ ఇంటి నుంచి వచ్చిన చింతకాయ పచ్చడి సీసా ఒకటి ఫర్వానియాలో ఎవరి దగ్గరో ఆగి ఉంది. అది లెక్కల మాస్టారి ఎడమ సంచిలో, అడుగున.